పరదేశంలో అంత్యక్రియలు

చావు మాట ఎత్తడం మన ఇళ్లలో అశుభం. అందుచేతనే కాబోలు, పెళ్లి ఖర్చును గురించి నెలల తరబడి లెక్కలు వేసే మనం అంత్యక్రియల ఖర్చును గురించి ముందుగా ఒక్క మాట కూడ అనుకోము. మన ఊళ్లలో ఆ మౌనం వల్ల పెద్ద చిక్కు రాదు. కబురు తెలియగానే ఇరుగుపొరుగువారు వస్తారు. ఒకరు పురోహితునికి కబురు పంపుతారు. ఒకరు వెదురుబొంగులు, కట్టెలు సమకూరుస్తారు. ఇంకొకరు ఖర్చుల సంచీ తమ చేతిలోకి తీసుకుంటారు. పోయేనాటికి నలుగురు మనుషులను సంపాదించుకోవాలని మన పెద్దలు అన్నది ఇందుకే.

మన పిల్లలు కాపురాలు పెట్టిన అమెరికాలో ఆ నలుగురూ ఉండరని కాదు. స్నేహితులు పరుగెత్తి వస్తారు. తెలుగు సంఘాలవారు చేతనైన సాయం చేస్తారు. కాని ఆసుపత్రి నుండి దేహాన్ని తరలించడం, మరణ ధ్రువపత్రం దాఖలు చేయడం, దహనానికి అనుమతి పొందడం, దహనశాలలో వేళ కుదర్చడం — ఈ పనులన్నీ అక్కడ సాధారణంగా ఒక వ్యాపార సంస్థ ద్వారా జరుగుతాయి. దానిని ఫ్యూనరల్ హోమ్ అంటారు. బిడ్డలను చూడడానికి వెళ్లిన తల్లి గాని తండ్రి గాని అక్కడే కన్నుమూస్తే, ఆ సంస్థ గుమ్మం ఎక్కవలసినవారు మన బిడ్డలే. అక్కడ ఏది అవసరమో, ఏది కాదో ముందుగా తెలిసి ఉండడం మంచిది.

పూర్వం అమెరికాలో కూడ మృతదేహాన్ని ఇంటివారే శుభ్రపరచి సిద్ధం చేసుకొనేవారు. ఊళ్లో బల్లలూ కుర్చీలూ చేసే వడ్రంగియే శవపేటిక కూడ చేసి ఇచ్చేవాడు. 1861 నుండి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధంలో దూరప్రాంతాలలో మరణించిన సైనికుల దేహాలను స్వస్థలాలకు చేర్చవలసివచ్చి, రసాయనాలతో దేహాన్ని చెడిపోకుండ నిలిపే ఎంబామింగ్ పద్ధతి వ్యాపించింది. 1865లో అధ్యక్షుడు లింకన్ భౌతికకాయాన్ని వాషింగ్టన్ నుండి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు రైలులో తీసుకొనిపోతూ దారిలోని నగరాలలో ప్రజల దర్శనార్థం ఉంచినప్పుడు ఆ పద్ధతిని దేశమంతా చూసింది. క్రమంగా ఇంట్లో జరిగే పని సంస్థకు పోయింది. సేవగా ఉన్నది వృత్తి అయింది. వృత్తి పెద్ద వ్యాపారమైంది. 1963లో జెస్సికా మిట్‌ఫర్డ్ అనే రచయిత్రి ఆ వ్యాపారంలోని పోకడలను తన గ్రంథంలో ఎండగట్టగా దేశంలో సంచలనం కలిగింది. చివరకు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నిబంధనను రూపొందించగా అది 1984లో అమలులోకి వచ్చింది. దానికి ఫ్యూనరల్ రూల్ అని పేరు.

ఈ నిబంధన ఇచ్చిన హక్కులు చూడడానికి చిన్నవే. సంస్థకు స్వయంగా వెళ్లి అంత్యక్రియల సంగతి అడిగిన ఎవరికైనా, ప్రతి సేవకూ విడివిడిగా వెల రాసిన పట్టికను వారు చేతికి ఇవ్వాలి. దానిని ఇంటికి తెచ్చుకోవచ్చు. టెలిఫోనులో అడిగినా ధరలు చెప్పాలి; చెప్పడానికి ముందు మీ పేరూ చిరునామా ఇవ్వవలెనని షరతు పెట్టరాదు. శవపేటికలు చూపే ముందు వాటి ధరల జాబితాను చూపాలి. మాటలు ముగిసిన వెంటనే, మనం ఎన్నుకున్నవేవో, ఒక్కొక్కదానికి ఎంతో, మొత్తం ఎంతో రాసి ఇవ్వాలి. శవపేటికను వేరేచోట కొని తెచ్చుకుంటే దానికి అదనపు రుసుము వేయరాదు.

ఇక ఖర్చు సంగతి. అక్కడి ఫ్యూనరల్ డైరెక్టర్ల జాతీయ సంఘం 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం, దేహదర్శనంతో ఖననం చేసే పద్ధతికి మధ్యస్థపు వెల 8,300 డాలర్లు. శ్మశానంలో స్థలం వెల ఇందులో చేరదు. ఖననానికి బదులు దహనమైతే 6,280 డాలర్లు. ఈ రెండవ మొత్తం ఎట్లా ఏర్పడిందో చూడండి. మౌలిక సేవల రుసుము 2,495. దేహాన్ని తరలించడానికి 395. ఎంబామింగ్‌కు 845. దుస్తులు, అలంకరణ మొదలైన వాటికి 295. దర్శనానికి వసతి 475. కర్మకాండకు వసతి 550. వాహనానికి 175. అచ్చుపత్రాలకు 195. దహనశాల రుసుము 400. దహనానికి పనికివచ్చే సాదా పెట్టె 160. అస్థికల పాత్ర 295.

వీటిలో, ఏ సేవను ఎన్నుకున్నా చెల్లించి తీరాలని సంస్థ పట్టుబట్టగలిగేది మొదటిదైన మౌలిక సేవల రుసుము ఒక్కటే. తక్కినవాటిలో మనకు అక్కరలేనిదాన్ని వద్దనవచ్చు. ప్రతి మరణానికీ ఎంబామింగ్ చేయించి తీరాలని అక్కడి ఏ రాష్ట్రపు చట్టమూ శాసించదు. కొద్దిరోజులు ఆగవలసివస్తే శీతలీకరణతో సరిపోవచ్చు. దహనానికి ఖరీదైన శవపేటిక అవసరమని ఏ చట్టంలోనూ లేదు. సాదా చెక్కతో గాని అట్టతో గాని చేసిన పెట్టెను సంస్థ తప్పక అందుబాటులో ఉంచాలి. పై లెక్కలో ఎంబామింగ్, అచ్చుపత్రాలు, అస్థికల పాత్ర — ఈ మూడూ వద్దనుకుంటే 1,335 డాలర్లు తగ్గి 4,945 డాలర్లు అవుతుంది. దర్శనమేదీ లేకుండ నేరుగా దహనం చేయించే పద్ధతి కూడ ఉన్నది. దానికి ఇంకా తక్కువ అవుతుంది. దాని వెల పట్టికలో వేరుగా కనిపిస్తుంది.

మన ఆచారాల విషయం డబ్బు కంటె సున్నితమైనది. దేహానికి స్నానం చేయించి కొత్తబట్ట కట్టడం ఇంటివారే చేసుకుంటామంటే చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. కొరివి పెట్టడానికి బదులుగా, కర్త చేత దహనయంత్రపు మీట నొక్కించే ఏర్పాటు అనేక దహనశాలల్లో ఉన్నది. దీపం, కర్పూరం వెలిగించనిస్తారో లేదో, నువ్వులు, బియ్యం, నెయ్యి పెట్టె లోపల ఉంచనిస్తారో లేదో, ఎందరు లోపలికి రావచ్చునో ముందే అడగాలి. అక్కడ దహనానంతరం ఎముకలను యంత్రంలో పొడిచేసి ఇస్తారు. మనం అస్థిసంచయనం చేసే రీతిలో ఎముకలుగానే కావాలంటే దహనానికి ముందే చెప్పి చూడాలి. మరణించినవారి గుండెకు పేస్‌మేకర్ అమర్చి ఉంటే ఆ సంగతి తప్పక తెలియజేయాలి. అది వేడికి పేలే ప్రమాదం ఉన్నందున ముందుగా తొలగిస్తారు.

అందరినీ బాధించే ప్రశ్న మరొకటి ఉన్నది. దేహాన్ని స్వదేశానికి పంపాలా, లేక అక్కడే దహనం చేసి అస్థికలు తేవాలా? పంపాలంటే ఎంబామింగ్ తప్పదు. మరణ ధ్రువపత్రం, అంటువ్యాధి లేదన్న పత్రం, ఎంబామింగ్ పత్రం సమకూర్చుకొని, భారత రాయబార కార్యాలయంలో పాస్‌పోర్టు రద్దు చేయించి, నిరభ్యంతర పత్రం పొందాలి. విమానపు రవాణా ఖర్చు వేరు. ఇందుకు రోజులు పడుతుంది. వేల డాలర్లు అవుతుంది. ప్రయాణానికి ముందు పెద్దలకు తీసుకొనే భీమాలో దేహాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు కూడ చేరి ఉన్నదో లేదో ఇక్కడే చూసుకోవడం ఉత్తమం. అస్థికలు తేవడం ఇంత కష్టం కాదు. దహన పత్రాన్నీ మరణ ధ్రువపత్రాన్నీ దగ్గర ఉంచుకొని, రాయబార కార్యాలయం కోరే అనుమతిని పొందాలి. అయితే రాగిచెంబులోనో ఇత్తడి పాత్రలోనో పెట్టి విమానం ఎక్కరాదు. విమానాశ్రయంలో ఎక్స్‌రే కిరణాలు పాత్ర గుండా పోయి లోపలిది కనిపించాలి. అందుచేత చెక్కపెట్టె గాని ప్లాస్టిక్ పెట్టె గాని మేలు.

ఇప్పుడు సంస్థను ఎన్నుకోవడం ఎట్లా? ఆసుపత్రిలో ఎవరో చెప్పిన మొదటి పేరుకే తల ఊపవద్దు. కనీసం మూడు చోట్ల ధరలు అడగండి. వేరువేరు పేర్లు గల గృహాలు ఒకే పెద్ద సంస్థకు చెందినవై ఉండవచ్చును కనుక యజమాని ఎవరో కూడ తెలుసుకోండి. హిందూ అంత్యక్రియలు జరిపించిన అనుభవం వారికి ఉన్నదా అని విచారించండి. ముఖ్యంగా, దుఃఖంలో ఉన్న కొడుకునో కూతురినో ఒంటరిగా ఆ బల్ల ముందు కూర్చోబెట్టవద్దు. కన్నతల్లికి చేసే చివరి సేవలో బేరమా అని వారి మనస్సు సంకోచిస్తుంది. ఎదుటివారు మంచివారే అయినా, ఆ సంకోచం ప్రతి ప్రశ్ననూ గొంతులోనే ఆపుతుంది.

ధర అడగడం మృతులకు అగౌరవం కాదు. తల్లిదండ్రులపై మనకున్న ప్రేమ శవపేటిక నగిషీలో తెలియదు. పిల్లలు అప్పుల పాలు కావాలని ఏ తల్లీ కోరదు. కనుక పెద్దలు తమ కోరికను బ్రతికి ఉండగానే ఒక కాగితం మీద రాసి పిల్లలకు ఇవ్వడం మంచిది. ఆ కాగితం ఉంటే బిడ్డల సందేహాలు సగం తీరుతాయి. తక్కిన సగం తీర్చవలసినది స్నేహితులు. మన ఊళ్లో పాడె భుజాన ఎత్తుకొనే ఆ నలుగురూ, పరదేశంలో కర్త పక్కన కూర్చుని ధరల పట్టికను చివరిదాక చదవాలి. ఇది కావాలి, ఇది వద్దు అని అతని బదులు చెప్పాలి. ఈనాడు అక్కడ అదీ పాడె మోసినంత పుణ్యమే.