తాళపుచెవులు ఎవరి చేతిలో?



ఇంట్లో పెత్తనం అత్తదా, కోడలిదా అన్న తగాదా మనకు కొత్త కాదు. రాజ్యాల్లోనూ అలాంటిదే ఒకటి నడిచింది. రాజు పెద్దా, గురువు పెద్దా అని! యూరపులో దీనికోసం యుద్ధాలే జరిగాయి. బిషప్పులను నియమించే హక్కు తమదంటే తమదని జర్మనీ రాజు నాలుగవ హెన్రీ, పోపు ఏడవ గ్రెగొరీ పట్టుబట్టారు. 1076లో పోపు రాజును మతంనుంచి వెలివేశాడు. వెలిపడ్డ రాజుకు సామంతులు లోబడి ఉంటారా? ఉండరు. అంచేత 1077 జనవరిలో ఆ రాజు ఇటలీలోని కనోసా కోట వాకిట, మంచులో, మూడు రోజులు క్షమాపణకోసం కాచుకున్నాడు. ఆ కోట మెటిల్డా అనే స్త్రీది. కథ చెప్పేవాళ్లు రాజునూ పోపునూ తలుచుకున్నంతగా ఈమెను తలుచుకోరు. తర్వాత రాజు పుంజుకుని 1084లో రోము నగరాన్నే పట్టుకున్నాడు. మరుసటి ఏడు పోపు పరాయిచోట కన్నుమూశాడు. ఒప్పందం కుదిరేసరికి 1122 వచ్చింది.

మరి మన దగ్గరో? భూపాలపల్లి పక్కనే గణపురంలో కోటగుళ్లున్నాయి. శివరాత్రికి పోయి దండం పెట్టుకుని వస్తుంటాం. కాకతి గణపతిదేవుని కాలపు గుళ్లవి. మనం ఆ శివుడికి దండం పెడతాం సరే, ఆ గణపతిదేవుడు ఏ మనిషికి దండం పెట్టేవాడు? విశ్వేశ్వర శివాచార్యులకు. ఎక్కడో గౌడదేశంనుంచి వచ్చిన శైవాచార్యుడాయన, గోళకీ మఠం పెద్ద. ఆయనచేత దీక్ష పుచ్చుకుని, అంతటి మహారాజూ ఆయనకు కొడుకునని చెప్పుకున్నాడు. పూర్వం డాహళ దేశంలో కలచురి రాజు ఈ మఠంవారికి మూడు లక్షల గ్రామాలు భిక్షగా ఇచ్చాడని శాసనం చెబుతుంది. మూడు లక్షలంటే నమ్మబుద్ధి కాదు. అయినా అంత గొప్ప చెప్పుకోగల మఠమంటే ఏపాటిదో ఊహించుకోవచ్చు.

ఆ శాసనం గుంటూరు జిల్లా మల్కాపురంలో ఉంది, 1261 నాటిది. గణపతిదేవుడు ఇస్తానన్న మందడం గ్రామాన్ని ఆయన కూతురు రుద్రమదేవి గురువుకు ధారపోసింది. దానితో వెలగపూడినీ, కృష్ణలోని లంక భూములనూ కలిపి మరీ ఇచ్చింది. ఎందుకింత? భక్తి ఉండనే ఉంది. కాని అప్పుడామె పరిస్థితి కూడా చూడాలి. ఆడది సింహాసనమెక్కడం అందరికీ మింగుడుపడే సంగతి కాదు. శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరు పెట్టుకోవలసి వచ్చింది ఆ తల్లికి. అలాంటప్పుడు తండ్రికి దీక్ష ఇచ్చిన గురువు ఆమె చేతులమీదుగా దానం పట్టాడంటే, ఆమె ఏలికను నలుగురిలో ఒప్పుకున్నట్టే కదా! ఇది నా ఊహ. కాని రాజకీయం తెలిసిన కాకతీయులకు ఆ మాత్రం తోచకపోతుందా అని నేననుకుంటాను.

గురువేమో ఆ ఆదాయాన్ని మూటగట్టి దాచుకోలేదు. గుడి కట్టించాడు, మఠం పెట్టాడు, వేదాలు చెప్పే అయ్యవార్లను కుదిర్చాడు. ప్రసూతిశాల పెట్టాడు, ఆరోగ్యశాల పెట్టాడు. ఏడువందల అరవై ఏళ్లకు పైబడిన మాట ఇది! పురుడు పోసుకునే ఆడవాళ్లకోసం భూమి రాసిపెట్టారంటే, ఆ శాసనంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. అన్నసత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడిదాకా ఎవరొచ్చినా కాదనకుండా పెట్టాలని కూడా రాయించాడు. వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు, ఊరి కాపలాకు వీరభద్రులనే వాళ్లు, ఒక్కొక్కరి జీతానికీ ఏర్పాటుంది. అంటే చూడండి, కాపలా దగ్గర్నుంచి లెక్కలదాకా అంతా మఠానిదే. రాజ్యంలో ఇంకో చిన్న రాజ్యం.

ఇక అసలు మెలిక ఇక్కడుంది. ఆచార్యుడు తప్పుదారి పడితే ఏం చేయాలి? శైవులందరూ కలిసి అతన్ని మార్చి ఇంకొకర్ని పెట్టుకోవాలని శాసనం. ఆ పని రాజుకు అప్పగించలేదు! జర్మనీలో హెన్రీ దేనికోసం అంత రభస చేశాడో, ఆ పెద్దల నియామకాన్ని ఇక్కడ శైవుల చేతికే విడిచిపెట్టారు. మంచులో ఎవరూ నిలబడవలసిన పని లేకపోయింది. ఓడిపోయి ఇచ్చారని అనడానికీ లేదు. బీరువా తాళాలు అత్త దగ్గరా, వంటింటి తాళాలు కోడలి దగ్గరా ఉన్న ఇల్లులాంటిదది. సైన్యం, మిగతా నాడంతా కాకతీయుల దగ్గరే ఉన్నాయి మరి.

కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయింది. ఆ నీడన బతికిన మఠాల వైభవమూ తగ్గిపోయింది. గుళ్లమీద పెత్తనం ఎవరిదన్న మాట మాత్రం తెగలేదు. 1843లో కుంఫిణీవాళ్లు తిరుమల ఆలయ బాధ్యతను హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించారు. 1933లో చట్టం చేసి ప్రభుత్వం దాన్ని కమిటీ చేతికి మార్చింది.

రుద్రమ్మ గురువుకు ధారపోసిన ఆ వెలగపూడిలోనే 2016లో ఆంధ్రప్రదేశ్ తాత్కాలిక సచివాలయం వెలిసింది.