సంవత్సరాంతపు మేలుపట్టికలు

ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయుట మనకు పరిపాటి. అది రాబోవు సంవత్సరపు మాట. గడచిన యేటిలో మేలైనవానిని ఏరి చెప్పు పట్టికలు డిసెంబరు కడపట పత్రికలలోను, చేతిఫోనులలోను వెలువడుచున్నవి. పది మంచి చిత్రములట, పది మంచి పాటలట! సారస్వతమునకు తూకపురాళ్లేమి యని చిరకాలము నేను నవ్వితిని.

అయితే పంచకావ్యము లన్నది మాత్రము పట్టిక కాదా? మనుచరిత్ర, వసుచరిత్ర, ఆముక్తమాల్యద, పాండురంగమాహాత్మ్యము. అయిదవ పీటపై కొందఱు శృంగారనైషధమును, కొందఱు విజయవిలాసమును కూర్చుండబెట్టుదురు. ప్రాచ్యకళాశాలలో చదువునాడు ఈ వాదము వలన నాకును, నా సహాధ్యాయికిని నెలదినములు మాటలు లేవు. నిజము చెప్పవలెనన్న, ఆ కోపముతోనే రెండు కావ్యములను సాంతముగా చదివితిని.

2023 సంవత్సరాంతమున నా మనుమరాలు అటువంటి పట్టిక నొకదానిని చదివి వినిపించినది. పది పేరులలో నాకొక్కటియు తెలియదు. సిగ్గుపడి, సంక్రాంతి సెలవులలో ఆమె ప్రక్కన కూర్చుండి చూడ నారంభించితిని. రెండింటిని నడుమనే విడిచితిని. ఆ రణగొణధ్వని నాకు పడలేదు. మూడవది ‘బలగం’.

వేణు ఎల్దండి దర్శకత్వమున ఆ సంవత్సరము మార్చిలో విడుదలైన చిత్రమిది. తెలంగాణ పల్లెలో ఒక వృద్ధుడు మరణించును. పిండమును కాకి ముట్టదు. విందులో నల్లిబొక్క వడ్డింపలేదని బావమఱదితో తగవుపడి యేనాడో వెడలిపోయిన అల్లుడు ఆ చావునకు తిరిగి వచ్చును. ఎముకముక్కకు ఇరువదియేండ్ల పంతమా యని నవ్వబోయి, అయిదవ కావ్యము జ్ఞప్తికి వచ్చి యూరకుంటిని.

కడపట పస్తం మొగిలయ్య, కొమురమ్మ అను దంపతులు ఆ చనిపోయినవాని కథ పాడుదురు. వరంగల్లు ప్రాంతమున ఊరూర పాడి బ్రదికినవారు వారు. ఆ గొంతులు వినగానే మా బడి అరుగు కనులకు కట్టినది. అటువంటి దంపతులే యొకనాడు అచట పాట యెత్తుకొనగా, పాఠమునకు భంగమని పంపివేసినవాడను నేను. ఆనాడు నేను చెప్పుచున్న పాఠము ద్విపద లక్షణము.

మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూసెను. ఆ చిత్రములోని పాటకు కాసర్ల శ్యాంకు ఉత్తమ గీతరచయితగా జాతీయ పురస్కారము 2025లో ప్రకటింపబడినది. ఆ వార్తను మనుమరాలికంటె ముందు నేనే చదివితిని.

ఇప్పుడు డిసెంబరు వచ్చినచో మే మిరువురము చెఱియొక పట్టిక వ్రాసికొందుము. కిందటి మాఱు ఆమె, “తాతయ్యా, అయిదవ కావ్యమేది?” యని యడిగినది. శృంగారనైషధ మంటిని. విజయవిలాసము చదివి వచ్చి మాటాడెదనని నా ప్రతిని పట్టుకొనిపోయినది. ఇంకను తిరిగి యియ్యలేదు.