సన్నబడటానికి గడువు పెట్టేదెవరు?

(మార్కాపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బరువు తగ్గించే డైట్ల గురించి మాట్లాడతానన్నప్పుడు మీలో కొందరు నవ్వారు. ఏటా మిరపకోతలకు గుంటూరు వైపూ, కూలిపనికి హైదరాబాదు, బెంగుళూరుకూ వలసపోయే ప్రాంతం ఇది. పలకల దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన వాళ్లున్న ఊరు. ఇక్కడ ఇది తిని కూర్చునే వాళ్ల సమస్య కదా అని మీ అనుమానం. ఆ అనుమానంతోనే మొదలుపెడదాం.

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. 14.8 శాతం మంది తక్కువ బరువున్నారు. 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ మూడు అంకెలనూ విడివిడిగా చదివితే ఇవి ముగ్గురు వేర్వేరు స్త్రీల కథల్లా కనిపిస్తాయి. కలిపి చదివితే తెలిసేది వేరు. లావుగా కనిపించే స్త్రీ ఒంట్లో కూడా రక్తం లేకపోవచ్చు. ఒళ్లు చేసినంత మాత్రాన తిండి సరిపోయినట్టు కాదు.

ఇదెలా జరుగుతుందో మన కంచం చూస్తే తెలుస్తుంది. జొన్న, సజ్జ, కొర్ర తిన్న ప్రాంతం మనది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పేదల ఇళ్లలో ఆకలి తగ్గింది, అది చిన్న విషయం కాదు. కానీ కంచంలో అన్నం రాశి పెరిగింది గానీ దాని పక్కన పప్పు, గుడ్డు, ఆకుకూర పెరగలేదు. ఉన్న గుడ్డు మగవాళ్లకూ పిల్లలకూ పోతుంది. ఆఖరున కూర్చునే ఆడమనిషికి అన్నం, అడుగున మిగిలిన పులుసు, కాస్త పచ్చడి. ఈ తిండితో బరువు పెరుగుతుంది, బలం పెరగదు. (ఆ కొర్రలే ఇప్పుడు అందమైన ప్యాకెట్లలో, బియ్యం కంటే ఎక్కువ ధరకు, సన్నబడదలచిన వాళ్ల కోసం అమ్ముడవుతున్నాయి.)

ఇలాంటి శరీరం మీదికి డైట్ వస్తుంది. పది రోజుల డైట్, ఇరవై ఒక్క రోజుల డైట్, నలభై రోజుల డైట్. ఇన్ని రోజులని గడువు పెట్టేదెవరు? పెళ్లిచూపులకు వస్తున్నామని కబురు పంపిన వాళ్లు. ముహూర్తం పెట్టిన వాళ్లు. కాన్పయి ఆరు నెలలైనా పొట్ట తగ్గలేదేమని అడిగే అత్తగారు, ఆడబిడ్డ. షుగరుకో, మోకాళ్ల నొప్పులకో బరువు తగ్గాలంటే నెలలు, ఏళ్లు పట్టినా ఫరవాలేదు. ఆరోగ్యానికి ముహూర్తం ఉండదు. ముహూర్తం ఉన్నది బేరానికి. "పిల్ల కాస్త ఒళ్లు చేసింది" అన్న మాట పెళ్లిచూపుల్లో ఊరికే వచ్చే వ్యాఖ్య కాదు, కట్నం దగ్గర లెక్కకొచ్చే మాట. తల్లి బిడ్డకు రాత్రి అన్నం మాన్పించిందంటే ఆమెను తిట్టి లాభం లేదు. బిడ్డ ఒంటి మీది ఒక్కో కిలోకూ ఎంత చెల్లించాల్సి వస్తుందో ఆమెకు తెలుసు.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. అంటే ఈ పెళ్లి డైట్లు ఇంకా ఎదుగుతున్న పిల్లల మీద కూడా పడుతున్నాయి.

డైట్లు కూడా మారుతూ వచ్చాయి. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే మానేయమన్నారు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం మానేసి కొబ్బరినూనె లాంటి కొవ్వు రోజుకు 70 నుంచి 100 గ్రాములు తీసుకోమన్నారు. దానికి తోడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, విటమిన్ మాత్రలు. ఊరూరా పెద్ద సభలు జరిగాయి, షుగరు నయమవుతుందన్న ప్రచారానికి డాక్టర్లు అభ్యంతరం చెప్పారు. ఒకే తరం స్త్రీలు నూనె విషమనీ విన్నారు, నూనే మందనీ విన్నారు. ఈ పద్ధతుల వల్ల మేలు జరిగిందన్న వాళ్లున్నారు, వాళ్ల అనుభవాన్ని నేను కొట్టిపారేయను. నేను అడిగేది వంటింటి సంగతి. భర్త డైట్ చేస్తే భార్య రెండు వంటలు చేస్తుంది. భార్య డైట్ చేస్తే ఇంటిల్లిపాదికీ అన్నం వండి, వడ్డించి, దాని ముందు ఖాళీ కడుపుతో కూర్చుంటుంది. ఈ శ్రమ ఏ డైట్ పుస్తకంలోనూ లెక్కకు రాదు.

నాలుగు లీటర్ల నీళ్ల మాట ఈ ప్రాంతంలో ఇంకా విడ్డూరం. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకునే ఊళ్లివి. మార్కాపురం, కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉందని పిల్లల పళ్లే చెబుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. హద్దు దాటిన నీళ్లు నాలుగు లీటర్లు తాగితే ఒంట్లోకి ఎంత పోతుందో మీరే లెక్క వేయండి. ఏ నీళ్లు అని ఆ సలహాలో లేదు.

ఇక ఒంట్లో జరిగేది. మొదటి వారం కాటా మీద మూడు నాలుగు కిలోలు తగ్గితే సంబరపడతాం. అందులో ఎక్కువ భాగం నీరే. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం ఖర్చవుతూ, తనతో ఉన్న నీటిని కూడా తీసుకుపోతుంది. మామూలు తిండి తినగానే ఆ బరువు తిరిగి వస్తుంది. మాంసకృత్తులు చాలకపోతే కండ కరుగుతుంది. నెలసరి తప్పవచ్చు. పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు. జుట్టు వెంటనే ఊడదు, రెండు మూడు నెలల తర్వాత ఊడుతుంది. అప్పటికి పెళ్లయి పోయి ఉంటుంది గనుక, అత్తగారి ఊరి నీళ్లు పడలేదంటారు! షుగరు మాత్రలు వేసుకుంటూ హఠాత్తుగా అన్నం మానేసిన మనిషికి చక్కెర పడిపోయి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదముంది. అమెరికాలో 1977-78లో ద్రవరూప ప్రోటీన్ డైట్ చేసిన వాళ్లలో అరవై మంది దాకా మరణించారు, పరిశీలించిన మరణాలలో అత్యధికం స్త్రీలవే. గుండె లయ తప్పడమే ముఖ్య కారణంగా తేలింది.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు రోజుకు సుమారు 1,600 కేలరీల తిండి పెట్టాడు. వాళ్లు దిగులు పడ్డారు, చిరాకు పడ్డారు, పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచించారు. శాస్త్రం దాన్ని అర్ధాకలి అంది. మన అమ్మాయిల చేతికిచ్చే డైట్ చీటీలు 800 కేలరీలకు కూడా దిగుతాయి. దాన్ని మనం పట్టుదల అంటాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది వేరు: బరువు తగ్గించే తిండి కూడా రోజుకు వెయ్యి కేలరీలకు తగ్గకూడదు, వారానికి అరకిలో తగ్గితే చాలు. అంటే ఇరవై ఒక్క రోజుల్లో కిలోన్నర. జబ్బు కోసం డాక్టరు పర్యవేక్షణలో చేసే కఠినమైన డైట్ల సంగతి వేరు. నేను చెప్పేది ఎవరూ బాధ్యత తీసుకోని డైట్ల గురించి.

బాధ్యత అన్నాను గనుక చట్టం సంగతి. 1954 నాటి మందులు, మాయచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం షెడ్యూలులో స్థూలకాయం ఉంది. దాన్ని నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడం నేరం. కానీ చట్టంలో మందు నిర్వచనం తిండిని కొంతవరకు వదిలేసింది. డబ్బా మీద ఆహారమని రాసుంటే పొడి తప్పించుకుంటుంది. దాని మీద అబద్ధపు ప్రచారానికి ఆహార భద్రత చట్టం కింద, 2018 నిబంధనల కింద ఫిర్యాదు చేయాలి. నోటి మాటగా వచ్చే డైట్‌కి ఇవేవీ వర్తించవు. పైగా చిన్న పట్నాల్లో ఆ డబ్బాలు అమ్మేది మనలాంటి ఆడవాళ్లే, కమీషను కోసం. వాళ్లను శత్రువుల్లా చూడొద్దు. వాళ్లకూ ఇంకో పని దొరకలేదు.

సంఘాల్లో వెంటనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎవరైనా డైట్ మొదలుపెడతామంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పన్నెండు గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. ఆ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. షుగరు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా తిండి మానకూడదని ఆశా కార్యకర్తల చేత చెప్పించండి. పొడి డబ్బా తెచ్చినవాళ్లుంటే లేబులు, రసీదు దాచమనండి. ఫిర్యాదుకు అవే ఆధారం.

ఇంకొకటి ఉంది, అది ఆసుపత్రిలో తేలేది కాదు. పెళ్లిచూపులకు వెళ్లేది కూడా మనమే. పిల్లను పైకీ కిందికీ చూసేదీ మనమే. ఈ హాల్లో పెళ్లీడు కొడుకులున్న తల్లులు ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. మధ్యాహ్నం చర్చ వాళ్లతోనే మొదలుపెడదాం.