హ్యామ్ లైసెన్సు మనకు పనికొస్తుందా?



2014లో హుద్‌హుద్ తుఫానుకు విశాఖలో సెల్ టవర్లు పడిపోయాయి. రెండు రోజులు ఇంటికి ఫోన్ కలవక నాకు అన్నం సయించలేదు. 2004 సునామీకి అండమాన్‌లో ఫోన్లు పోతే, పోర్ట్ బ్లెయిర్ నుంచి భారతి ప్రసాద్ గారు హ్యామ్ రేడియోలోనే జనం క్షేమ సమాచారం చేరవేశారు. కాబట్టి నేర్చుకోదగ్గ విద్యే.

అయితే లైసెన్సు మనకుంటే చాలదు, మన ఊరి వైపు కూడా ఒకరికి ఉండాలి. ఇండియా లైసెన్సు గల్ఫ్‌లో దానంతటది చెల్లదు. ఇక్కడి అనుమతి లేకుండా సెట్టు తెచ్చి చిక్కుల్లో పడొద్దు. సైటులో ఇచ్చే వాకీటాకీ కంపెనీది, సొంతానికి వాడొద్దు.

నా మాటేమంటే, ఊళ్లో చదువుకునే పిల్లల్లో ఒకరి చేత ఆ పరీక్ష రాయిద్దాం. 12 ఏళ్లు నిండితే చాలు. హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది, నేర్పిస్తారు.

మనం మాత్రం ఈ రాత్రే ఇంటి నంబర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టుకుందాం. ఫోన్ ఆగిపోతే, ఇంటి నంబరు మనలో ఎంతమందికి నోటికొచ్చు?