సీసా ఎవరి చేతి మీదుగా వస్తోంది?

మానసిక వైద్యుడిగా నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ముందు అడిగే మాట ఇది: "సార్, మావాడికి మందు ఎక్కడ దొరికింది?" ఎవరు కొనిచ్చారని నేను అడుగుతాను.

మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. కానీ ఇంటర్ చదివే కుర్రాడు కౌంటరు దాకా పోవాల్సిన పనే లేదు. హాస్టల్లో సీనియర్ ఉంటాడు. లేదంటే బ్రాందీషాపు ముందర నిలబడ్డ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, పైన ఇరవయ్యో ముప్పయ్యో తీసుకుని క్వార్టర్ తెచ్చిస్తాడు. పల్లెల్లో బెల్టుషాపు ఉంది, అక్కడ వయసు అడిగేవాడే లేడు. పలమనేరు, కుప్పం వైపు కర్ణాటక టెట్రా ప్యాకెట్లు దొంగచాటుగా దిగుతుంటాయి. 90 మిల్లీలీటర్ల ప్యాకెట్టు అరచేతిలో ఇమిడిపోతుంది, పుస్తకాల సంచిలో చప్పుడు కూడా చేయదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మీదికి కదిలారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్లకు అంగడి కళ్లెదుట ఉండేది. ఇప్పుడు పిల్లలకు మందు అందించే చేతుల్లో సగం మన ఇళ్లలోనే ఉన్నాయని నా బాధ. పెళ్లిలో సొంత మేనమామే "ఒక గుక్క తాగరా, ఏం కాదు" అంటాడు. అవుతుంది. మంచీచెడూ తూచి, ఆవేశాన్ని ఆపే మెదడు ముందుభాగం 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లే పెద్దయ్యాక ఎక్కువగా బానిసలవుతారు.

2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం, డాక్టరు చెబితే తప్ప, 18 ఏళ్లలోపు పిల్లలకు మత్తుపానీయం ఇచ్చినా ఇప్పించినా ఏడేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. సీనియరైనా మేనమామైనా ఒకటే.

ఈ శిక్ష భయంతోనే, తాగినవాళ్లలో ఒకడు స్పృహ తప్పితే తక్కినవాళ్లు గది తలుపేసుకుని కూర్చుంటారు. మజ్జిగ, నిమ్మరసం నోట్లో పోస్తారు. పోయకండి, ఊపిరి గొట్టంలోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మందు ఎవరు తెచ్చారన్నది తెల్లారాక అడగొచ్చు. ఈ మాట ఈ రాత్రే మీ పిల్లలకు చెప్పండి.