పట్టు వదిలిన కణం

(భిలాయిలో చేసిన ప్రసంగ పాఠం)



క్యాన్సర్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గడ్డ ఎందుకు పుడుతుందన్నది పెద్ద కథ. పుట్టినచోట ఉండక మెడలోకి, ఊపిరితిత్తుల్లోకి ఎలా పాకుతుందో మాత్రం చెబుతాను. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఆ పాకడమే.

2022లో నౌకాదళంలో చేరిన విక్రాంత్‌కు వాడిన ఉక్కు పలకల్లో మన భిలాయివీ ఉన్నాయి. పలక ఎంత గట్టిదైనా వెల్డింగు లేకపోతే ఓడ కాదు కదా! మన నోటి లోపలి పొరా అంతే. పక్కపక్క కణాలను కలిపి ఉంచే ప్రోటీన్లలో ముఖ్యమైనది ఇ-క్యాడ్‌హెరిన్. ఈ కుటుంబానికి జపాన్ శాస్త్రవేత్త మసాతోషి తకైచి 1980లలో పేరు పెట్టారు. పట్టు నిలవాలంటే కాల్షియం కావాలి. అలాగని కాల్షియం మాత్రలు మింగితే క్యాన్సర్ ఆగుతుందనుకోకండి!

వ్యాధి ముదిరేకొద్దీ చాలా గడ్డల్లో ఇ-క్యాడ్‌హెరిన్ తగ్గి, ఎన్-క్యాడ్‌హెరిన్ పెరుగుతుంది. కణం వరస విడిచి కదలడం మొదలెడుతుంది. ఇంటెగ్రిన్లనే ఇంకో రకం అణువులు చుట్టూ ఉన్న పదార్థాన్ని పట్టుకుని పాకడానికి సాయపడతాయి. చిత్రమేమంటే, కొత్తచోట స్థిరపడ్డాక కొన్ని కణాలు మళ్లీ ఇ-క్యాడ్‌హెరిన్ తయారుచేసుకుంటాయి. న్యూజిలాండ్‌లో తరతరాలుగా కడుపు క్యాన్సర్ వస్తున్న మావోరీ కుటుంబాల్లో ఈ ప్రోటీన్ జన్యువే దెబ్బతిని ఉందని 1998లో తేల్చారు.

ఇక మన సంగతి. ఇక్కడి తెలుగువాళ్లలో శ్రీకాకుళం, విశాఖ వైపువాళ్లు ఎక్కువ. ఆ పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లో ఉంచి కాల్చే అడ్డపొగ మీకు తెలిసిందే. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్షించి, అంగిలిపై దాని దెబ్బ ఎలా ఉందో 1971లో ప్రచురించారు. ఛత్తీస్‌గఢ్‌లో పళ్లకు రుద్దే గుడాఖు కూడా పొగాకే.

నోటి క్యాన్సర్‌లో ఇ-క్యాడ్‌హెరిన్ ముఖ్యంగా లోపలికి చొచ్చుకుపోయే అంచున తగ్గుతుంది. పైకి పుండు చిన్నదే, కింద కణాలు విడిపోతూ ఉండొచ్చు. డాక్టరు మెడ తడిమి చూసేది అందుకే. వదిలిన పట్టును మళ్లీ అతికించే మందు వైద్యంలో ఇంకా రాలేదు.

"ముక్క తీస్తే పాకుతుందటండీ" అని మనవాళ్లు బయాప్సీకి జంకుతారు. పాకే గుణం కణంలో వచ్చిన మార్పు వల్ల వస్తుంది. ఆ మార్పుకు టైమిచ్చేది మనం వాయిదా వేసిన నెలలే. పుండుగానీ, తెల్ల మచ్చగానీ, ఎర్ర మచ్చగానీ రెండు మూడు వారాల్లో మానకపోతే, నొప్పి లేకపోయినా సరే, చూపించుకోండి. ఇంట్లో అడ్డపొగ మానని అమ్మమ్మో అత్తగారో ఉంటే టార్చిలైటు వేసి అంగిలి చూడండి. సిగ్గుపడి వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ప్రశ్నలుంటే అడగండి.