కూలి పెరిగితే కుర్రాడి పని పోతుందా?



మొన్న బట్టల కొట్లో చీరల మడతలు విప్పుతున్న కుర్రాణ్ణి, "జీతం పెంచారా నాయనా?" అని అడిగాను. వాడు మా పనిమనిషి కొడుకే, పద్దెనిమిదేళ్లుంటాయి. వాడు నోరు విప్పేలోగా షావుకారు అందుకున్నాడు: "పెంచితే ఇద్దర్ని తీసెయ్యాలమ్మా!" కుర్రాడు తల వంచుకున్నాడు. ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది. పోయిన సంక్రాంతికి వాడి తల్లి జీతం అడిగితే, "అయితే నేనే చేసుకుంటాలే" అన్నది నేనే!

ఇంతకీ, అది నిజమేనా? మన తెలుగువాళ్లు ఎందరో ఉంటున్న న్యూజెర్సీ రాష్ట్రంలో 1992 ఏప్రిల్ 1న గంటకు కనీస వేతనం 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెరిగింది. పక్కనున్న పెన్సిల్వేనియాలో పెరగలేదు. పక్కపక్కన రెండు పొయ్యిలు పెట్టి, ఒకదాని మంటే పెంచినట్టన్నమాట. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు రెండుచోట్లా కలిపి 410 ఫలహారశాలల్ని పెంపుకు ముందూ, తర్వాతా వాకబు చేశారు. అలాంటిచోట్ల కుర్రకారే ఎక్కువ కదా! తీరా చూస్తే న్యూజెర్సీలో పనులు తగ్గలేదు. తిండి ధర మాత్రం పక్క రాష్ట్రంకంటే కాస్త పెరిగింది. అంటే భారం కొంత కొనేవాళ్లమీద పడిందన్నమాట.

అందరూ ఒప్పుకున్నారా? లేదు. న్యూమార్క్, వాషర్ అనే మరో ఇద్దరు జీతాల పద్దులు తిరగేసి, పనులు తగ్గాయని 2000లో వాదించారు. కార్డ్, క్రూగర్ ప్రభుత్వ లెక్కలతో మళ్లీ చూసి తమ మాటమీదే నిలిచారు. 2021లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో కార్డ్ ఒకరు. క్రూగర్ 2019లోనే కన్నుమూశారు.

అయితే ఎంత పెంచినా ఫరవాలేదా అంటారేమో. చారులో ఉప్పు చిటికెడైతే రుచి, దోసెడైతే పారబోయాలి. పట్నంలో ఇప్పటికే ఎక్కువ ఇస్తుంటే ఆ పెంపు తెలియదు. చిన్న ఊళ్లో, బేరం తక్కువున్న కొట్టుకు అదే పెంపు బరువవుతుంది. ఆ బరువు ముందుగా పని తెలియని కొత్త కుర్రాడిమీదే పడవచ్చు. మన దేశంలో 1948 చట్టం పనిని బట్టీ, ప్రాంతాన్ని బట్టీ వేతనం వేరువేరుగా నిర్ణయించే వీలు కల్పించింది అందుకేనేమో!

కనుక ఎవరైనా "కూలి పెంచితే పని పోతుంది" అంటే, బెదిరిపోకండి. "ఎక్కడ? ఎంత? లెక్క చూశారా?" అని అడగండి.

నేనూ నా లెక్క చూసుకున్నాను. వాడి తల్లికి ఈ నెల నుంచి జీతం పెంచాను. అంట్లు నేను తోమడం లేదు, ఆవిడ మానడమూ లేదు.

సెలవు.